పదో తరగతిలో పెట్టిన ఈమెయిల్ పేరు పీజీ దాకా వెంట వస్తుంది



తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రుల కోసం ఈ నెల ఈమెయిల్ ఐడీ గురించి రాయమన్నారు. చాలా చిన్న విషయం. కానీ మా ఇంట్లో అది చిన్నగా ముగియలేదు కాబట్టి మా ఇంటి సంగతితోనే మొదలుపెడతాను.

మా మేనల్లుడు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండగా అమెరికాలో ఎంఎస్ చేస్తానన్నాడు. మా బావగారికి ఈ వ్యవహారాలు కొత్త. కంప్యూటర్ టీచర్‌ని కాబట్టి "నువ్వే చూసుకోవయ్యా" అన్నారు. వాణ్ని ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్లింది నేనే. అక్కడి అమ్మాయి ఫారం నింపుతూ "ఈమెయిల్ ఐడీ చెప్పండి" అంది. మావాడు నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు, "కొత్తది క్రియేట్ చేసేయండి మేడమ్" అన్నాడు. వాడి పాత ఐడీ ఇంటర్ మొదటి సంవత్సరంలో పెట్టుకున్నది. ఒక హీరోగారి బిరుదు, దాని వెనక 'డైహార్డ్', దాని వెనక మూడు తొమ్మిదులు. నలుగురిలో ఆ పేరు పైకి చెప్పడానికి వాడికి సిగ్గేసింది.

ఆ అమ్మాయి రెండు నిమిషాల్లో కొత్త ఐడీ చేసేసింది. వాడి పేరులోని పొడి అక్షరాలు నాలుగు, తర్వాత 'ఎంఎస్', తర్వాత వెళ్లబోయే సంవత్సరం. పాస్‌వర్డ్ వాళ్ల రిజిస్టర్‌లో రాసుకుంది. ఓటీపీ కోసం ఇచ్చిన నంబరు కూడా వాళ్ల ఆఫీసుదే. నేను పక్క కుర్చీలో కూర్చునే ఉన్నాను. ఏళ్ల తరబడి పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్తున్నవాణ్ని, నాకూ తప్పు తట్టలేదు.

ఫిబ్రవరిలో ఆ ఐడీకి ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ నుంచి మెయిల్ వచ్చింది. నీ ప్రాజెక్టు గురించి మాట్లాడాలి, మా ల్యాబ్‌లో అసిస్టెంట్‌షిప్ ఒకటి ఉంది, వచ్చే వారం ఏ రోజు వీలవుతుంది అని. కన్సల్టెన్సీ వాళ్లు ఆ మెయిల్ బాక్సులో చూసేది రెండే: అడ్మిట్ వచ్చిందా, రిజెక్ట్ వచ్చిందా. ఇది రెండూ కాదు. మావాడి కంట పడేసరికి 19 రోజులు గడిచిపోయాయి. వెంటనే జవాబు రాశాడు. అటునుంచి మర్యాదగానే తిరుగు జవాబు వచ్చింది, ఆ చోటు మరో విద్యార్థికి ఇచ్చేశామని. వాడు చివరికి అదే యూనివర్సిటీలో చేరాడు, బావగారు ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోన్‌తో.

ఫోన్‌లో మాట్లాడి ఉంటే అసిస్టెంట్‌షిప్ తప్పకుండా వచ్చేదని నేను అనను. మాట్లాడాక వాళ్లే వద్దనుకునేవారేమో. కానీ మాట్లాడే అవకాశమే మావాడికి దక్కలేదు. కన్సల్టెన్సీని తిట్టుకోవచ్చు, తిట్టుకున్నాం కూడా. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే, మొదటి పొరపాటు అక్కడ జరగలేదనిపించింది. పదహారేళ్ల వయసులో పెట్టుకున్న పేరును ఇరవై ఒక్కేళ్ల వయసులో పైకి చెప్పుకోలేకపోవడం దగ్గర జరిగింది. చెప్పుకోగలిగిన పేరు ఉండి ఉంటే, తన సొంత ఐడీయే ఇచ్చేవాడు. రోజూ తనే చూసుకునేవాడు.

పీజీ సంగతి ఇప్పుడెందుకు?

మీ పిల్లలు ఇంకా తొమ్మిదో, పదో చదువుతున్నారు. ఎంఎస్‌లు, పీహెచ్‌డీల మాట ఇప్పుడెందుకని మీకు అనిపించవచ్చు. ఎందుకంటే పీజీలో వాడే ఐడీని పీజీలో ఎవరూ పెట్టుకోరు. పదో తరగతి అయ్యాక ఏదో ఒక అప్లికేషన్‌కు ఈమెయిల్ కావాల్సి వస్తుంది. రేపే ఆఖరి తేదీ అని గుర్తొస్తుంది. ఆ రాత్రి పదిన్నరకు ఒక ఐడీ పుడుతుంది. జేఈఈ మెయిన్ దానిమీదే, ఈఏపీసెట్ దానిమీదే, కాలేజీ అడ్మిషన్ దానిమీదే, స్కాలర్‌షిప్, డిజీలాకర్, బ్యాంకు అకౌంట్ అన్నీ దానిమీదే. నాలుగైదేళ్ల తర్వాత మార్చుదామనుకుంటే, ఒక్క పేరు మార్చడం కాదది, ఇల్లు మారినంత పని. జీమెయిల్‌లో ఒక ఐడీని తొలగిస్తే అదే పేరును మళ్లీ మీరూ తీసుకోలేరు, ఇంకెవరూ తీసుకోలేరు.

ఇంకో కారణం కూడా ఉంది. పేరు స్పెల్లింగ్ ఖాయం చేసే సమయం ఇదే. స్టేట్ సిలబస్ పిల్లలకు పదో తరగతి నామినల్ రోల్స్‌లో, సీబీఎస్‌ఈ పిల్లలకు తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లో పేరు బోర్డు దగ్గరకు వెళ్తుంది. ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చాలన్నా అఫిడవిట్లు, ఆఫీసుల చుట్టూ తిరగడాలు. ఈమెయిల్ పేరు దానికి నీడలాంటిది. అసలు పేరు తేలకుండా నీడను తేల్చలేం.

ఏది మొదటి పేరు, ఏది ఇంటిపేరు?

ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడుకుందాం, ఎందుకంటే తెలుగువాళ్లకు అసలు చిక్కు ఇక్కడే ఉంది.

కొండపల్లి వెంకట సాయి కిరణ్ అనే అబ్బాయిని ఊహించుకోండి. ఇంట్లో వాడు కిరణ్. స్కూల్ రిజిస్టర్‌లో కె. వెంకట సాయి కిరణ్. ఆధార్‌లో కొండపల్లి ముందు, పాస్‌పోర్టులో కొండపల్లి సర్‌నేమ్ గడిలో. మనకు ఇవన్నీ ఒకే మనిషి. కానీ బయటి దేశపు కంప్యూటర్‌కు రెండే గడులు తెలుసు: మొదటి పేరు, చివరి పేరు. మొదటి గడిలో మొదట కనిపించేది వెంకట. కాబట్టి పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా 'వెంకట' అని పిలిపించుకోని కిరణ్, అక్కడ క్లాసులో వెంకట అవుతాడు. అమెరికాలో ఏ ఆఫీసులోనైనా ముగ్గురు వెంకటలు, ఇద్దరు సాయిలు, ఒక నాగ ఉన్నారంటే మనవాళ్లేనని చెప్పేయవచ్చు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ మెయిల్‌లో కిరణ్ అని, ఫారంలో వెంకట అని, రెకమండేషన్ లెటర్‌లో కె.వి.ఎస్. కిరణ్ అని ఉంటే, ఈ ముగ్గురూ ఒకరేనని అడ్మిషన్ ఆఫీసులో ఎవరో ఒకరు కూర్చుని పోల్చుకోవాలి. వేల అప్లికేషన్ల మధ్య ఆ ఓపిక వాళ్లకు ఉంటుందని నమ్ముకోకూడదు.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిని ఖాళీగా వదిలేసి, పేరంతా ఒకే గడిలో రాయించే తల్లిదండ్రులున్నారు. అలా వదిలేస్తే అమెరికా వీసాలో ఆ పేరు మొత్తం ఇంటిపేరు చోటికి వెళ్లిపోతుంది. మొదటి పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు అని అర్థం. మీరు నామకరణం చేసి, బియ్యంలో రాసి, చెవిలో చెప్పిన పేరు అక్కడ 'తెలియదు' అయిపోతుంది. మీ పిల్లలకు ఇంకా పాస్‌పోర్టు తీసుకోకపోతే ఈ ఒక్క గడి జాగ్రత్తగా నింపండి.

పేరు వరస ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి మన పెద్దవాళ్లలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా తెలిసిన సి.ఆర్. రావుగారు. 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో కన్నుమూశారు. ఆయన పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణ రావు. ఇంటిపేరు కల్యంపూడి. కానీ 1945లో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రంలోని ఫలితాలు పుస్తకాల్లోకి 'క్రామెర్–రావు', 'రావు–బ్లాక్‌వెల్' అన్న పేర్లతోనే ఎక్కాయి. సొంత పేరుకు తోకగా ఉన్న రావు, శాస్త్ర ప్రపంచంలో ఆయన ఇంటిపేరు అయి కూర్చుంది. అసలు ఇంటిపేరు ఒక్క 'సి' అక్షరంలో దాక్కుంది. ఆయనకు దానివల్ల నష్టమేమీ జరగలేదు, ఎందుకంటే పేరు వరసను మార్చకుండా చివర రావునే ఉంచారు. అసలు విషయం అదే. ఏ వరస ఎంచుకున్నారన్నది కాదు, ఎంచుకున్నదాన్ని మార్చకపోవడం.

నా సలహా అడిగితే, పాస్‌పోర్టులో ఏ వరస ఉందో దాన్నే పట్టుకోండి. జీఆర్ఈ లాంటి పరీక్షలకు రిజిస్టర్ చేసే పేరు, పరీక్ష రోజు చూపించే గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి, ఎక్కువమందికి అది పాస్‌పోర్టే. ఈమెయిల్‌లో మాత్రం పేరు మొత్తం కూర్చాల్సిన పని లేదు. పిలిచే పేరు, ఇంటిపేరు చాలు.

ఒక త, రెండు స్పెల్లింగులు

వరస తేలాక స్పెల్లింగ్. తెలుగులో సునీత అంటే ఒకటే సునీత. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి నలుగురవుతారు. మనం 'త' రాయడానికి టీ పక్కన హెచ్ పెడతాం. ఉత్తరాదివాళ్లు ఉత్త టీతో సరిపెడతారు. 'నీ'కి కొందరు ఐ, కొందరు రెండు ఈలు. శ్రీనివాస్ సంగతి ఇంకా ఘోరం. ఎస్ఆర్ఐతో మొదలుపెట్టేవాళ్లు, ఎస్ఆర్ఈఈతో మొదలుపెట్టేవాళ్లు, మధ్యలో హెచ్ ఇరికించేవాళ్లు. లక్ష్మికి కేఎస్‌హెచ్ కావాలా, ఎక్స్ చాలా అన్నది ఇంటికో తీరు. ఒకే ఇంట్లో అన్నకు ఒక చౌదరి, తమ్ముడికి మరో చౌదరి ఉన్న సర్టిఫికెట్లు నేను స్వయంగా చూశాను.

న్యూమరాలజీ ప్రకారం ఒక అక్షరం కలపడం, తీసేయడం మీ ఇష్టం, దానిమీద నేనేమీ అనను. కలిపేదేదో సర్టిఫికెట్‌లోనే కలపండి. సర్టిఫికెట్‌లో ఒక 'ఏ', మెయిల్‌లో రెండు 'ఏ'లు మాత్రం వద్దు. మెయిల్ పంపేవాళ్లు సర్టిఫికెట్ చూసి ఐడీని ఊహించి టైప్ చేస్తే, అది చేరాల్సిన చోటికి చేరదు. మరీ దారుణమేమిటంటే, అదే స్పెల్లింగ్ ఉన్న ఇంకెవరికో చేరవచ్చు. అప్పుడు పంపినవాళ్లకు తప్పు జరిగిందని కూడా తెలియదు.

భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీలో చాలామంది విని ఉంటారు. హార్వర్డ్‌లో పనిచేసే రోజుల్లో, 1925లో, సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆయన తన పేరులోని 'రావు'ను మనందరిలా ఆర్ఏఓ అని కాక, ఆర్ఓడబ్ల్యూ అని రాసుకున్నారు. ఆ పద్ధతిని ఇప్పటికీ అదే స్పెల్లింగ్‌తో 'ఫిస్క్–సుబ్బారో పద్ధతి' అంటారు. ఇవాళ ఆయన పరిశోధన కోసం మామూలు స్పెల్లింగ్‌తో వెతికేవారికి వేరే సుబ్బారావులు దొరుకుతారు. ఆయన మాత్రం ఆయన రాసుకున్న స్పెల్లింగ్ దగ్గరే దొరుకుతారు.

ఐడీని ఎలా కూర్చాలి?

మన ఊహా కిరణ్ దగ్గరకే వద్దాం. జీమెయిల్‌లో పేరుకు 6 నుంచి 30 అక్షరాల దాకా చోటుంటుంది. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క తప్ప ఇంకేమీ ఒప్పుకోదు. కిరణ్ పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా రాస్తే 25 అక్షరాలు. పడుతుంది కానీ పలికేవాడికి ఊపిరాడదు, టైప్ చేసేవాడు తప్పు కొడతాడు. సాయికిరణ్, చుక్క, కొండపల్లి అంటే 18 అక్షరాలు. ఇది బాగుంది.

చుక్క గురించి ఒక మాట. జీమెయిల్ దాన్ని అసలు లెక్కలోకి తీసుకోదు. చుక్క పెట్టినా, పెట్టకపోయినా, నాలుగుచోట్ల పెట్టినా అదే ఐడీ. కాబట్టి 'ఈ పేరు ఇప్పటికే వేరేవాళ్లు తీసుకున్నారు' అని చూపిస్తే, మధ్యలో చుక్క పెట్టి గట్టెక్కలేరు. చుక్క కేవలం చదివేవాళ్ల కంటి కోసం. ఇది మామూలు జీమెయిల్ సంగతి మాత్రమే సుమా. కాలేజీలు, ఆఫీసులు ఇచ్చే ఐడీల్లో చుక్క ఉండటం వేరు, లేకపోవడం వేరు.

కోరుకున్న పేరు దొరక్కపోతే చాలామంది చేసే పని పుట్టిన సంవత్సరం తగిలించడం. దాన్ని నేను వద్దంటాను. మీ పిల్లల వయసు ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ చెప్పినట్టవుతుంది. మనలో చాలామంది పాస్‌వర్డులు కూడా పుట్టిన తేదీ చుట్టే తిరుగుతాయి కదా, దొంగకు సగం తాళం ఇచ్చినట్టే. దానికంటే మధ్య పేరు పొడి అక్షరం కలపండి, లేదా వరస తిప్పి ఇంటిపేరు ముందు పెట్టి చూడండి. ఈ విషయంలో మన ఇంటిపేర్లు మనకు వరం. కిరణ్‌లు, ప్రియలు, సాయిలు లెక్కలేనంతమంది ఉంటారు. కానీ ఆ పేరు, మీ ఇంటిపేరు, మీ స్పెల్లింగ్ మూడూ కలిసినవాళ్లు అంతమంది ఉండరు. పొట్టిగా ఉంటుందని ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించేస్తే ఆ వరం పోతుంది. అంకె తప్పదంటే, అర్థం ఏమీ లేని చిన్న అంకె ఒకటో రెండో చాలు. అయితే ఒకటి అంకె, చిన్న బడి 'ఎల్' చూడటానికి ఒకేలా ఉంటాయి. సున్నా, 'ఓ' కూడా అంతే. వాటిని పక్కపక్కన పెట్టకండి.

ఇక ఐడీలో పెట్టకూడనివి. హీరోలు, క్రికెటర్లు, ఆటల పేర్లు సంగతి చెప్పక్కర్లేదు. 'ఫ్యూచర్ ఐఏఎస్', 'డాక్టర్' లాంటివి మనకు ముచ్చటగా ఉంటాయి. పిల్లవాడు దారి మార్చుకుంటే అవే గుచ్చుకుంటాయి. కాలేజీ పేరు, బ్రాంచి పేరు కూడా అంతే. మా మేనల్లుడి ఐడీలో 'ఎంఎస్', సంవత్సరం ఉన్నాయన్నాను కదా. వాడి ఎంఎస్ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది. లోన్ కాగితాలన్నీ ఆ ఐడీ మీదే ఉండటంతో ఇంకా దాన్నే మోస్తున్నాడు. కొత్తవాళ్లకు చెప్పేటప్పుడల్లా "ఎంఎస్ అంటే ఏంటి?" అని అడుగుతారట.

కులాన్ని సూచించే తోక పెట్టాలా వద్దా అని కొందరు తల్లిదండ్రులు నన్ను చాటుగా అడుగుతారు. సర్టిఫికెట్‌లో ఉంటే అది పేరులో భాగం, పెట్టండి. అక్కడ లేనిదాన్ని మెయిల్‌లో కొత్తగా తగిలించకండి.

అమ్మాయిల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. "పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది కదా సార్, ఇప్పుడు పెట్టి ఏం లాభం" అని ఒక తల్లి అన్నారు. పెళ్లయితే పాస్‌పోర్టులో పేరు మార్చుకోవాల్సిందే అన్న నిబంధన ఏదీ లేదు. డిగ్రీ సర్టిఫికెట్ మీద, ప్రచురించిన పరిశోధన పత్రం మీద ఉన్న పేరు ఎలాగూ మారదు. మెయిల్ కూడా ఆ పేరుతోనే ఉంటే ఆ అమ్మాయి చదువంతా ఒక్కచోట ఉంటుంది.

ఐడీ ఖాయం చేసే ముందు ఒక పరీక్ష పెట్టండి. తాతయ్యకో, అమ్మమ్మకో పిల్లల చేతే ఫోన్ చేయించి, ఆ ఐడీని ఒక్కసారి మాత్రమే చెప్పి కాగితం మీద రాయించండి. బీ, డీ, పీ, టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. ఎం, ఎన్ కూడా అంతే. అవతల సరిగ్గా రాసుకోగలిగితే ఆ ఐడీ పాసయినట్టు. మా క్లాసులో ఈ పరీక్ష పెడితే సగం ఐడీలు ఫెయిలయ్యాయి. వాటిలో నాది కూడా ఒకటి.

యూనివర్సిటీ ఎలాగూ ఐడీ ఇస్తుంది కదా?

ఇస్తుంది. ఐఐటీ మద్రాస్, ఐఐటీ హైదరాబాద్‌లలో విద్యార్థికి వచ్చే మెయిల్ రోల్ నంబరే. ఎంచుకునే పని లేదు. అమెరికాలో కార్నెల్, కొలంబియా లాంటి చోట్ల పేరులోని పొడి అక్షరాలకు అంకెలు కలిపి వాళ్లే ఇచ్చేస్తారు. స్టాన్‌ఫర్డ్, ఎంఐటీలలో మాత్రం విద్యార్థే ఎంచుకోవాలి, అదీ 3 నుంచి 8 అక్షరాల్లోపు. మన పేర్లకు ఎనిమిది అక్షరాలంటే పెద్ద పొడుపుకథే. 'సాయికిరణ్' ఇంగ్లిష్‌లో సరిగ్గా ఎనిమిది. కానీ వీడికంటే ముందు వెళ్లిన సాయికిరణ్ ఎవరో దాన్ని తీసుకునే ఉంటాడు. సీటు వచ్చిన సంబరంలో, అర్ధరాత్రి, స్నేహితుల మధ్య ఏదో ఒకటి కొట్టేస్తారు. తర్వాత మార్చుకోవడం అంత తేలిక కాదు. ప్రొఫెసర్ చూసేది అదే, ల్యాబ్ తలుపు మీద ఉండేదీ అదే. ఇంట్లో ముందే రెండు మూడు రూపాలు అనుకుని ఉంటే ఆ రాత్రి ఇబ్బంది ఉండదు.

అయితే యూనివర్సిటీ ఐడీ అద్దె ఇల్లు. చదువు అయ్యాక చాలాచోట్ల ఖాళీ చేయాల్సిందే. సొంత ఇల్లు మీరు ఇప్పుడు పెట్టేదే. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, పత్రంలో ముద్రించిన మెయిల్ చిరునామా పదేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటుంది కాబట్టి. పేర్ల గందరగోళం తప్పించడానికి పరిశోధకులకు 2012 నుంచి ఆర్కిడ్ అనే ఉచిత గుర్తింపు ఉంది, పదహారు స్థానాల నంబరు. పీజీలో చేరాక తీసుకోవచ్చు, ఇప్పుడు తొందర లేదు.

తాళం ఎవరి దగ్గర?

ఐడీ ఎంత బాగున్నా తాళం చెవి పరాయివాళ్ల దగ్గరుంటే మా మేనల్లుడి కథే. రికవరీ నంబరు నెట్ సెంటర్‌దో, కన్సల్టెన్సీదో కాకూడదు. మన దేశంలో 13 ఏళ్లు నిండిన పిల్లలు గూగుల్ అకౌంట్‌ను సొంతంగా చూసుకోవచ్చు. నంబరు అమ్మదో నాన్నదో ఇవ్వండి, రికవరీ మెయిల్ మీది ఇవ్వండి, పాస్‌వర్డ్ మాత్రం పిల్లలదే. రోజూ వాళ్ల మెయిల్ తెరిచి చదవాలని చూడకండి. అలా చదివితే మీకు తెలియకుండా ఇంకో ఐడీ పెట్టుకుంటారు. అందులో మళ్లీ హీరోగారు వస్తారు.

పిల్లలు విదేశం వెళ్లాక ఇక్కడి సిమ్‌ను రీచార్జి లేకుండా వదిలేస్తాం. కొన్నాళ్లకు ఆ నంబరు వేరేవాళ్లకు వెళ్తుంది. ఓటీపీలూ వాళ్లకే వెళ్తాయి. అందుకని టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసినప్పుడు గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను ప్రింట్ తీసి, పదో తరగతి మెమో పెట్టే ఫైల్లోనే పెట్టండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. పాత ఐడీ ఏదైనా ఉంటే అప్పుడప్పుడూ తెరుస్తుండండి. రెండేళ్లపాటు వాడని అకౌంట్లను తొలగించవచ్చని గూగుల్ 2023లోనే ప్రకటించింది.

మెయిల్‌లో పంపినవారి పేరుగా ఏం కనిపిస్తోందో కూడా ఒకసారి చూడండి. ఐడీ చక్కగా మార్చి, పైన పేరు దగ్గర పాత ఆటలో పెట్టుకున్న పేరే వదిలేసిన పిల్లలున్నారు. ఇద్దరు పిల్లలకైతే అక్కడ నాన్నగారి పేరు ఉంది.

ఇప్పటికే హీరో పేరుతో ఐడీ ఉంటే దాన్ని వెంటనే తొలగించకండి. కొత్తది తీసుకుని, పాతదానికి వచ్చే మెయిల్ కొత్తదానికి చేరేలా ఫార్వర్డింగ్ పెట్టండి. అప్లికేషన్లన్నీ కొత్తదాని మీద వేయండి. పాతది ఆటలకు, స్నేహితులకు ఉంటుంది, ఉండనివ్వండి. ఆ వయసు కూడా ఒకసారే వస్తుంది.

ఈ నెల పేరెంట్స్ మీటింగ్ రోజు నేను కంప్యూటర్ ల్యాబ్‌లోనే ఉంటాను. పిల్లల ఆధార్, పాస్‌పోర్టు ఉంటే అది, పుట్టినరోజు సర్టిఫికెట్, మూడింటి జిరాక్సులు తీసుకురండి. ముందు ఆ మూడింటిలో పేరు ఒకేలా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూద్దాం. ఐడీ మాత్రం నేను పెట్టను, మీరూ పెట్టవద్దు. కీబోర్డు ముందు పిల్లలను కూర్చోబెడదాం.